ఈ ప్రాజెక్టులో నువ్వేం చేశావు?

ఫైనలియర్ రెండో సెమిస్టర్ మొదలవగానే హైదరాబాద్ అమీర్‌పేటలో ఒక రకం గిరాకీ పెరుగుతుంది. మైత్రీవనం చుట్టుపక్కల కోచింగ్ సెంటర్ల బోర్డుల మధ్యే ‘అకడమిక్ ప్రాజెక్ట్స్’ అన్న బోర్డులూ కనిపిస్తాయి. బీటెక్, ఎంటెక్, ఎంసీఏ, ఎంబీఏ, ఏదైనా సరే. బేస్ పేపరు, అబ్‌స్ట్రాక్టు, కోడు, డాక్యుమెంటేషను, పీపీటీ, చివరికి వైవాలో అడగబోయే ప్రశ్నలూ వాటి జవాబులూ కలిపి ఒకే ప్యాకేజీ. బ్యాచ్‌లో నలుగురూ తలా కొంత వేసుకుంటే పని అయిపోతుంది.

దీన్ని నీతి సమస్యగా చూసి పిల్లల్ని తిట్టేవాళ్లు చాలామందే ఉన్నారు. ఆ తిట్లలో చేరే ఉద్దేశం నాకు లేదు. ఒక్కో గైడుకి తలకు మించిన బ్యాచ్‌లు అప్పజెప్పి, సాయంత్రం కాలేజీ బస్సు బయల్దేరేసరికి ల్యాబుకి తాళం వేస్తే పిల్లలు మాత్రం ఎక్కడికి పోతారు? నేను చూసే లెక్క వేరు. ప్రాజెక్టు కొన్న విద్యార్థి ఏం పోగొట్టుకున్నాడు? మార్కులు పోలేదు, డిగ్రీ పోలేదు. పోయిందేమిటో కొన్నాళ్ల తర్వాత ఇంటర్వ్యూ గదిలో బయటపడుతుంది. ఆ సంభాషణ దాదాపు ఎప్పుడూ ఇలాగే నడుస్తుంది:

“ఈ ప్రాజెక్టులో నువ్వేం చేశావు?”

“మేం ఫేస్ రికగ్నిషన్‌తో అటెండెన్స్ సిస్టమ్ డెవలప్ చేశాం సార్.”

“మీరు సరే. నువ్వు?”

“డాక్యుమెంటేషన్ పార్ట్ సార్.”

“వెలుతురు తక్కువగా ఉన్నప్పుడు మొహాలు గుర్తుపట్టేదా?”

ఇక మాట రాదు. నిజంగా చేసినవాడికి ఈ ప్రశ్న పండగ. ట్యూబులైటు పోయిన క్లాసురూములో అది ఎంతమందిని గైర్హాజరు చేసిందో, దాని మీద బ్యాచ్‌లో ఎంత గొడవ పడ్డారో, చివరికి ఏం చేశారో పది నిమిషాలు ఆపకుండా చెబుతాడు. ఇంగ్లిషు తడబడినా చెబుతాడు. ఇద్దరి తెలివితేటల్లో తేడా ఉండకపోవచ్చు. ఒకడి దగ్గర అనుభవం ఉంది, ఇంకొకడి దగ్గర ఫైలు ఉంది. సొంతంగా వ్యాపారం పెట్టాలన్నా, కొత్త వస్తువు తయారుచేయాలన్నా మొదట కావలసిన ధైర్యం ఈ తేడాలోనే ఉంది. ఈ అధ్యాయం దాని గురించి.

ధైర్యం ఎక్కడి నుంచి వస్తుంది

‘ఈ పని నేను చేయగలను’ అనే నమ్మకం మనిషిలో ఎలా పుడుతుందో జీవితమంతా పరిశీలించిన మనస్తత్వవేత్త ఆల్బర్ట్ బండూరా. 1977లో ఆయన రాసిన వ్యాసం ఈ విషయంలో ఇప్పటికీ మూలస్తంభమే. ఆయన ప్రకారం ఆ నమ్మకానికి ఊటలు నాలుగు. స్వయంగా చేసి నెగ్గిన అనుభవం ఒకటి. మనలాంటివాళ్లు చేయగా చూడటం రెండోది. ‘నువ్వు చేయగలవు’ అని ఇతరులు చెప్పడం మూడోది. ఆ క్షణంలో మన ఒంటి స్థితి, గుండెదడ, అలసట, హుషారు, ఇవన్నీ నాలుగోది. నాలుగింటిలో బలమైనది మొదటిదే.

మన కాలేజీల్లో జోరుగా సాగేది మాత్రం మూడోది. ఆడిటోరియంలో సెమినారు, వేదిక మీద వక్త, కాలర్ మైకు, చప్పట్లు, సెల్ఫీలు. ఆ మధ్యాహ్నం అందరికీ రక్తం ఉడుకుతుంది. ఆ ఉడుకు ఎంతసేపుంటుందో మీకే తెలుసు. మాటతో వచ్చిన నమ్మకం మొదటి ఎదురుదెబ్బకే చెదిరిపోతుందని బండూరా కూడా అన్నారు. చేసి చూసినవాడి నమ్మకం అలా చెదరదు. దెబ్బ తగిలినప్పుడు వాడికి గుర్తొచ్చేది ఎవరో చెప్పిన కొటేషన్ కాదు, ఇలాంటి దెబ్బే ఇదివరకు తిని లేచిన సంగతి.

రెండో ఊటకి ఉదాహరణ వెతుక్కుంటూ అమెరికా దాకా పోనక్కర్లేదు. ఆలేరు ప్రాంతానికి చెందిన చింతకింది మల్లేశం ఉన్నారు. పోచంపల్లి రకం చీరకి ముందుగా ఆసు పోయాలి. అంటే దారాన్ని కొయ్యల చుట్టూ చేత్తో తిప్పాలి, ఒక్క చీరకే వేల సార్లు. ఆ పని చేసీ చేసీ తల్లి లక్ష్మి భుజాలు పడిపోవడం చూసి, బడి మధ్యలో మానేసిన ఆ కుర్రవాడు 1992లో యంత్రం తయారుచేయడం మొదలుపెట్టాడు. అది పూర్తయ్యేసరికి 1999 వచ్చింది. మధ్యలో ఊరి ఎగతాళి, డబ్బు కటకట, సగంలో ఆగిన నమూనాలు. హైదరాబాదులో పనిచేస్తుండగా వేరే యంత్రంలో ఒక భాగం కదిలే తీరు చూశాకే ఆఖరి చిక్కుముడి వీడింది. గంటల తరబడి సాగే ఆసు గంటన్నరకు దిగింది. 2017లో పద్మశ్రీ వచ్చింది, 2019లో ఆయన కథ సినిమాగానూ వచ్చింది.

ఈ కథను స్ఫూర్తి కోసం చెప్పి వదిలేస్తారు. నాకు అందులో ఎక్కువ పనికొచ్చేది వేరే ఉంది. మల్లేశం యంత్రాన్ని ఒకేసారి చేయలేదు. ఒక కదలిక, తర్వాత ఇంకో కదలిక. ఒక భాగం పనిచేశాక గాని రెండోదాని జోలికి పోలేదు. పనిచేసిన ప్రతి భాగం తర్వాతి భాగానికి ధైర్యమిచ్చింది. పైగా యంత్రం బాగుందో లేదో చెప్పవలసింది ఏ ఎగ్జామినరూ కాదు, రోజూ ఆసు పోసే మనిషి. ఆయన ఏడేళ్ల కష్టంతో సంపాదించుకున్న ఆ అనుభవాన్ని, అప్పుల భయం లేకుండా, తప్పు చేసినా తిండికి లోటు రాకుండా, ఒక ఏడాదిలో రుచి చూపించగల చోటు కాలేజీ. చూపించాలన్న ఉద్దేశం ఉంటే.

పాత ఆలోచనే

పని చేస్తూ చదవడమనే ఆలోచన నిన్నమొన్నటిది కాదు. అమెరికాలో విలియం కిల్‌పాట్రిక్ ‘ప్రాజెక్టు పద్ధతి’ గురించి రాసింది 1918లో. చేతిపని ద్వారానే చదువు సాగాలని వార్ధా సమావేశంలో గాంధీజీ పట్టుబట్టింది 1937లో. డెన్మార్క్‌లో ఆల్బోర్గ్ విశ్వవిద్యాలయం 1974లో పుట్టినప్పటి నుంచీ ప్రాజెక్టులే చదువుకి వెన్నెముక. మసాచుసెట్స్‌లోని వూస్టర్ పాలిటెక్నిక్ 1970లో తన సిలబస్‌ను మొత్తం తిరగరాసుకుంది. అక్కడి నియమాల్లో నాకు బాగా నచ్చినది ఒకటుంది. ప్రతి ఇంజనీరింగ్ విద్యార్థీ తన బ్రాంచికి సంబంధించిన ప్రాజెక్టుతో పాటు, సాంకేతికతకూ సమాజానికీ మధ్య ఉన్న ఏదో ఒక సమస్య మీద ఇంకో ప్రాజెక్టు చేయాలి. అది తన బ్రాంచికి చెందనవసరం లేదు. దానికోసం చాలామంది వేరే ఊరికో వేరే దేశానికో వెళ్తారు. మెకానికల్ పిల్లవాడు తనకేమీ తెలియని నీటి సరఫరా గురించి తెలియని ఊరిలో తెలియనివాళ్లని అడగాలి. వ్యాపారం పెట్టిన మొదటి ఏడాది కూడా సరిగ్గా ఇలాగే ఉంటుంది.

ప్రశ్నను మార్చే ధైర్యం

ప్రాజెక్టు వల్ల ఏ రకం ధైర్యం వస్తుందో చూపడానికి నేను ఎప్పుడూ చెప్పేది ఎంబ్రేస్ కథ. 2007లో స్టాన్‌ఫర్డ్‌లో, చాలా తక్కువ ఖర్చుతో పనికొచ్చే వస్తువులు తయారుచేయడం నేర్పే ఒక క్లాసు. వేర్వేరు విభాగాల విద్యార్థుల బృందానికి ఇచ్చిన పని, నెలలు నిండకుండా పుట్టిన పిల్లలకు చౌక ఇంక్యుబేటర్ తయారుచేయడం. మామూలుగా అయితే ఏం చేస్తారు? ఉన్న ఇంక్యుబేటర్‌ను విప్పి, ఏ భాగం తీసేస్తే ధర తగ్గుతుందో చూస్తారు. వీళ్లలో ఒకరు నేపాల్ వెళ్లారు. అక్కడి ఆసుపత్రిలో ఇంక్యుబేటర్లు ఉన్నాయి, ఖాళీగా ఉన్నాయి. బిడ్డలు పుడుతున్నది పల్లెల్లో, ఇళ్లలో. కరెంటు లేని ఇంట్లో పుట్టిన పసికందు పట్నంలోని పెట్టె దాకా ప్రాణంతో రాలేదు.

అంటే వీళ్లకిచ్చిన ప్రశ్నే తప్పు. కావలసింది చౌక ఇంక్యుబేటర్ కాదు, కరెంటు లేకుండా కొన్ని గంటలు బిడ్డను వెచ్చగా ఉంచే సాధనం. చిన్న సంచీలాంటి పరుపు, అందులో మైనంలాంటి పదార్థం. ఒకసారి వేడిచేస్తే నాలుగైదు గంటలు బిడ్డ ఒంటి వేడికి సరిపడా, దాదాపు 37 డిగ్రీల దగ్గర నిలబడుతుంది. క్లాసు అయిపోయింది, గ్రేడు వచ్చింది, వీళ్లు మాత్రం వదల్లేదు. 2008లో ఎంబ్రేస్ పేరుతో సంస్థ పెట్టి, ఆ తర్వాత భారతదేశానికి తరలివచ్చారు. ఇక్కడ మళ్లీ దెబ్బ. ఉష్ణోగ్రతను అంకెల్లో చూపిస్తే కొందరు తల్లులు ఆ అంకె కంటే తక్కువలోనే ఉంచుతామన్నారు. ఇంగ్లిషు మందులు ఘాటని డోసు తగ్గించి వేసుకునే అలవాటే ఇక్కడా పనిచేసింది. దాంతో అంకెలు తీసేసి, వేడి సరిపోయిందా లేదా అన్నది మాత్రమే చూపించేలా మార్చారు. ఏ పాఠ్యపుస్తకంలో ఉంటుంది ఈ సంగతి?

గమనించండి, ఆ విద్యార్థులకు ఈ ప్రయాణం ఇచ్చిన ధైర్యం ‘మాకన్నీ తెలుసు’ అన్నది కాదు. ‘మాకు తెలియదు, కానీ వెళ్లి కనుక్కోగలం. ఇచ్చిన ప్రశ్న తప్పైతే మార్చగలం’ అన్నది. మన దగ్గర మొదటి రివ్యూలో టైటిల్ ఖరారైతే చివరి వైవా దాకా అదే టైటిల్. మధ్యలో మారిస్తే ‘ఇన్నాళ్లూ ఏం చేశారు?’ అని గద్దిస్తారు. నిజానికి, ఎందుకు మారిందో చెప్పగలిగితే, ప్రశ్న మార్చుకున్న బ్యాచ్‌కే ఎక్కువ మార్కులు వేయాలి.

ధైర్యం తగ్గితే కంగారుపడకండి

ఇలాంటి పుస్తకాల్లో సాధారణంగా రాయని సంగతి ఒకటి చెప్పాలి. ప్రాజెక్టులు చేయిస్తే పిల్లలందరికీ వ్యాపారం మీద మోజు పెరుగుతుందని అనుకుంటాం. నెదర్లాండ్స్‌లో ఒక వృత్తివిద్యా కళాశాల విద్యార్థుల చేత చిన్న కంపెనీలు పెట్టించి, ఏడాది నడిపించి, అదే కాలేజీకి చెందిన మరో క్యాంపస్‌లో ఆ కార్యక్రమం లేని విద్యార్థులతో పోల్చారు. 2010లో వచ్చిన ఫలితం నిర్వాహకులకు మింగుడుపడనిది. నైపుణ్యాల మీద చెప్పుకోదగ్గ ప్రభావం లేదు. సొంతంగా వ్యాపారం పెట్టాలన్న కోరిక పెరగకపోగా తగ్గింది. అదే ఏడాది జర్మనీలోని మ్యూనిక్ నుంచి ఇంకో పరిశీలన వచ్చింది. వ్యాపార ప్రణాళిక తయారుచేసే తప్పనిసరి కోర్సు పూర్తిచేశాక అక్కడ కూడా సగటున కోరిక కాస్త తగ్గింది. అయితే చాలామందికి తమ గురించి తమకు స్పష్టత వచ్చింది. కొందరికి ‘ఇది నా దారి’ అని గట్టిపడింది, మరికొందరికి ‘ఇది నాది కాదు’ అని తేలింది.

దీన్ని వైఫల్యం అనేవాళ్లతో నేను ఏకీభవించను. ఇరవై ఒకటో ఏట కాలేజీ ఖర్చుతో తేలిన సంగతి, ముప్పయ్యో ఏట నాన్న పొలం తాకట్టు పెట్టాక తేలితే ఎలా ఉంటుందో ఊహించుకోండి. గుడ్డి ధైర్యం తగ్గి, కొలిచిన ధైర్యం మిగలడమే ప్రాజెక్టు చేసే మేలు. ‘అమ్మడం నా వల్ల కాదు, తయారుచేయడం వల్లవుతుంది, కాబట్టి అమ్మగలిగే భాగస్వామి కావాలి’ అని తెలుసుకున్న విద్యార్థిని, ‘నేను ఏదైనా చేయగలను’ అని అరిచేవాడి కంటే కంపెనీకి చాలా దగ్గర్లో ఉంది.

ఇంకో చిక్కు కూడా ఉంది. హార్వర్డ్‌లో భౌతికశాస్త్ర విద్యార్థుల మీద 2019లో వెలువడిన ఒక ప్రయోగం ఇది. స్వయంగా లెక్కలతో కుస్తీ పట్టిన క్లాసులో విద్యార్థులు ఎక్కువ నేర్చుకున్నారు, కానీ తక్కువ నేర్చుకున్నామనుకున్నారు. హాయిగా కూర్చుని మంచి ఉపన్యాసం విన్నప్పుడు నేర్చుకున్నది తక్కువ, నేర్చుకున్నామన్న తృప్తి ఎక్కువ. కాబట్టి ప్రాజెక్టు మధ్యలో, మూడో నెలలోనో నాలుగో నెలలోనో, ‘మాకేమీ రాదు’ అనిపిస్తే అది మీ లోపానికి గుర్తు కాదు. మీ బుర్ర నిజంగా పనిచేస్తోందన్నమాట. ఆ నెలలోనే చాలా బ్యాచ్‌లు అమీర్‌పేట బస్సెక్కేది.

మిర్చి కల్లం దగ్గర మొదలుపెడితే

ఇక పని దగ్గరకు వద్దాం. ‘స్మార్ట్ అగ్రికల్చర్ యూజింగ్ ఐఓటీ’ అనే టైటిల్ లేని ఇంజనీరింగ్ కాలేజీ రెండు రాష్ట్రాల్లో ఉందంటే నేను నమ్మను. మట్టిలో గుచ్చే సెన్సరు, చిన్న మోటారు, సెల్‌ఫోన్‌లో అంకెలు. ఎవరి పొలం? ఎవరిదీ కాదు. కుండీలో మొక్క. ఆ ప్రాజెక్టులో తప్పేమీ లేదు, కాకపోతే అది పనిచేసినా చేయకపోయినా ఏ మనిషికీ నిద్ర పట్టకపోవడం ఉండదు. అలాంటి పని నుంచి ధైర్యం పుట్టదు.

అదే బ్యాచ్ గుంటూరు జిల్లాలో ఒక మిర్చి రైతు దగ్గరకు వెళ్లి, మీకు డబ్బు ఎక్కడ పోతోందని అడిగితే ఆయన మట్టిలో తేమ గురించి మాట్లాడకపోవచ్చు. కల్లంలో కాయ ఆరబెట్టాక మంచు పడితే, అకాలంగా వాన వస్తే రంగు పోతుందని చెబుతారు. తాలుకాయగా తీసేస్తే ధర ఎంత పడిపోతుందో చెబుతారు. రాత్రిపూట పట్టాలు కప్పడానికి మనుషులు దొరకరంటారు. యార్డులో కాయను చేత్తో పట్టి తేమ చెప్పే తీరు మీద ఆయనకో ఫిర్యాదు ఉండొచ్చు. ఇప్పుడు మీ ముందు నాలుగు ప్రశ్నలున్నాయి, నాలుగూ చిన్నవి, నాలుగూ నిజమైనవి. చేతి అంచనాకూ మీటరు చూపే అంకెకూ తేడా ఎంతో కొలిచి చూపడం కూడా ఒక ప్రాజెక్టే. అందులో కొత్త ఆవిష్కరణ ఏముందని అడగొచ్చు. ఏమీ లేకపోవచ్చు. ఆవిష్కరణ రెండో అడుగులో వస్తుంది, కొలవడం మొదటి అడుగు.

అందుకని నా మొదటి షరతు ఇది: ప్రాజెక్టు మొదలుపెట్టే రోజుకి మీ ఫోన్లో ఒక మనిషి నంబరు ఉండాలి. ఆ సమస్య ఆ మనిషిది అయ్యుండాలి. అది రైతే కానక్కర్లేదు. కాలేజీ ఎదురుగా టిఫిన్ సెంటర్ నడిపే అక్క కావచ్చు, మీ హాస్టల్ మెస్ ఇన్‌ఛార్జి కావచ్చు, ఊళ్లో మందుల షాపు బాబాయి కావచ్చు. ఆంధ్రప్రదేశ్ డిగ్రీ కాలేజీల్లో కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు పేరుతో ఇంటింటి సర్వే ఎలాగూ ఉంది. చాలామంది ఒకేచోట కూర్చుని సొంత చేతిరాతతోనే అందరి జవాబులూ నింపేస్తారు. నిజంగా ఇరవై గడపలు తొక్కినవాడికి ఇరవై సమస్యలు ఉచితంగా దొరికినట్టే.

రెండోది డబ్బు. భారతీయ మూలాలున్న పరిశోధకురాలు సరస్ సరస్వతి అనుభవజ్ఞులైన వ్యాపారవేత్తలు ఎలా ఆలోచిస్తారో పరిశీలించి 2001లో ఒక సిద్ధాంతం ప్రతిపాదించారు. అందులో ముఖ్యమైన మాట: వాళ్లు ‘ఎంత లాభం వస్తుంది’ అన్న దగ్గర మొదలుపెట్టరు, ‘ఎంత పోయినా తట్టుకోగలను’ అన్న దగ్గర మొదలుపెడతారు. మీ బ్యాచ్ కూడా మొదటి వారంలోనే ఆ అంకె కాగితం మీద రాసుకోవాలి. రెడీమేడ్ ప్రాజెక్టుకి ఎంత పెట్టేవారో అంత అనుకోండి, సరిపోతుంది. ఆ డబ్బు మొత్తం పోయినా ఇంట్లో ఎవరికీ ఇబ్బంది ఉండకూడదు. అది దాటబోయే ముందు నలుగురూ కూర్చుని మళ్లీ నిర్ణయించుకోవాలి. ఇంకో మెట్టు ఎక్కాలనుకుంటే మీరు చేసినదానికి ఎవరి దగ్గరైనా డబ్బు అడగండి, యాభై రూపాయలైనా సరే. ‘బాగుంది బాబూ’ అనడం తేలిక. జేబులోంచి యాభై తీయడం వేరు. అమెరికాలో బాబ్సన్ కాలేజీ తన మొదటి ఏడాది విద్యార్థులకు అప్పిచ్చి మరీ చిన్న వ్యాపారాలు పెట్టిస్తుంది, ఏడాది చివర మూయిస్తుంది కూడా. పెట్టడంతో పాటు లెక్కలు తేల్చి మూసేయడం కూడా నేర్చుకోవలసిన విద్యే. మనవాళ్లకి ఆ రెండోది ఎవరూ నేర్పరు.

బ్యాచ్‌లో మీ చోటు

రోల్ నంబర్ల ప్రకారం బ్యాచ్ వేస్తారు. నలుగురిలో ఒకడికి కోడింగ్ వచ్చు, వాడి మీద మిగతా ముగ్గురూ వాలిపోతారు. పెళ్లిలో గ్రూప్ ఫొటోకి నిలబడ్డట్టు బ్యాచ్‌లో నిలబడితే ఫొటోలో మొహం పడుతుంది గాని మీ చేతికి ఏమీ రాదు.

ఇందులో ఇంకో సంగతి నన్ను బాగా బాధపెడుతుంది. అమ్మాయిలకి రికార్డు రాయడం, పీపీటీ చేయడం, వైవాలో చక్కగా మాట్లాడటం. అబ్బాయిలకి సోల్డరింగ్, కోడు, బజారు తిరుగుడు. ఎవరూ ఆర్డరు వేయరు, దానంతటదే అలా జరిగిపోతుంది. నాలుగేళ్లయ్యాక ‘ఆడపిల్లలకి స్టార్టప్ మీద ఆసక్తి తక్కువండీ’ అని అదే కాలేజీ సెమినార్ పెడుతుంది. సోల్డరింగ్ ఐరన్ ముట్టుకోనివ్వకుండా, సుల్తాన్‌బజారు పక్క కోఠిలో పార్టుల షాపువాడితో బేరమాడనివ్వకుండా ఆసక్తి ఎక్కడి నుంచి వస్తుంది? ప్రతి నెలా పనులు మార్చుకోండి. నెమ్మదిగా సాగుతుంది, అయినా మార్చుకోండి.

ఇక ప్రతి ఒక్కరూ సొంతంగా ఒక నోట్‌బుక్ పెట్టుకోవాలి. కాలేజీకి చూపించే రికార్డు కాదు, మీకోసం. అందులో రాయవలసింది నిర్ణయాలు: తేదీ, ఏం నిర్ణయించాం, ఇంకేం చేయవచ్చని అనుకున్నాం, దీన్నే ఎందుకు ఎంచుకున్నాం. తర్వాత ఫలితం తెలిసినప్పుడు కింద ఇంకో వాక్యం. ఉదాహరణకి, ‘బ్యాటరీ చిన్నది కొన్నాం, బరువు తగ్గుతుందని. రెండు గంటలకే అయిపోయింది. రాత్రంతా నిలబడాలని రైతు ముందే చెప్పారు, మేం పట్టించుకోలేదు.’ ఇలాంటివి ఒక ఇరవై పోగైతే ఇంటర్వ్యూలో ‘నువ్వేం చేశావు?’ అన్న ప్రశ్నకి విడిగా ప్రిపేర్ కావలసిన పని లేదు. అంతకంటే ముఖ్యంగా, రేపు నిజంగా వ్యాపారం పెట్టినప్పుడు మీరు ఏ రకం నిర్ణయాల్లో తొందరపడతారో, వేటిలో నానుస్తారో మీ చేతిరాతే చెబుతుంది.

గైడు కాక ఇంకెవరు చూస్తారు

ప్రాజెక్టు పనిచేస్తోందో లేదో తేల్చేది మీ సార్ కాకుండా ఇంకెవరైనా అయినప్పుడు ధైర్యం గట్టిపడుతుంది. 2007లో పీథంపూర్‌లో మొదలైన బాహా పోటీలు చూడండి. విద్యార్థులు సొంతంగా కట్టిన బండి బ్రేకు పరీక్ష నెగ్గాలి, గతుకుల దారిలో గంటల తరబడి పరిగెత్తాలి. దాంతో పాటు ఖర్చుల లెక్కలూ, ఈ బండిని ఎలా అమ్ముతారన్న వివరణా జడ్జీల ముందుంచాలి. ఇరుసు విరిగితే విరిగినట్టే, అక్కడ ఇంటర్నల్ మార్కులుండవు. 2010 జులైలో పీఎస్ఎల్‌వీ-సీ15 మీద శ్రీహరికోట నుంచి నింగికెగిరిన స్టడ్‌శాట్ కిలో లోపు బరువున్న బుల్లి ఉపగ్రహం. దాన్ని కట్టింది బెంగళూరు, హైదరాబాద్ ఇంజనీరింగ్ కాలేజీల విద్యార్థులు. ప్రయోగానికి ముందు జరిపే కంపన పరీక్ష ఎవరి రికమండేషనూ వినదు.

హ్యాకథాన్ల సంగతి అడుగుతారు. వెళ్లండి, కొత్తవాళ్లు పరిచయమవుతారు, ఒక ఆలోచనను గంటల్లో నమూనాగా మార్చే వేగం వస్తుంది. అంతే. ఒకటిన్నర రోజులో చేసిన డెమోని వాడేవాడు ఉండడు, ఫిర్యాదు చేసేవాడూ ఉండడు. గోడ నిండా సర్టిఫికెట్లున్నా, ఒక్క వాడకందారు కూడా లేని విద్యార్థులు చాలామందే తారసపడతారు.

నమూనా తయారీకి చోటు లేదన్న సాకు ఇదివరకటంత చెల్లదు. హైదరాబాద్ రాయదుర్గంలో 2023లో ప్రారంభమైన టీ-వర్క్స్‌లో మామూలు కాలేజీ ల్యాబులో దొరకని యంత్రాలున్నాయి. పక్కనే టీ-హబ్ ఉంది. అటల్ టింకరింగ్ ల్యాబులు దేశవ్యాప్తంగా వేల బడుల్లో ఉన్నాయి. మీ ఊరి హైస్కూల్లోనూ ఒకటి ఉండొచ్చు, త్రీడీ ప్రింటర్ మీద అట్టపెట్టె కప్పి ఉండొచ్చు. హెడ్‌మాస్టర్ని అడిగి, పిల్లలకి నేర్పుతామని మాటిచ్చి వాడుకోండి. వెళ్లేటప్పుడు ఆ మిర్చి రైతు నంబరు మీ దగ్గరుండాలి. యంత్రాలు ఎన్ని ఉన్నా సమస్యను మాత్రం అక్కడ ఎవరూ ఇవ్వరు.

గైడు ఒప్పుకోకపోతే

ఇంతా చదివాక మీ మొదటి సందేహం నాకు తెలుసు. ‘మా సార్ ఐఈఈఈ బేస్ పేపర్ ఉంటేనే టైటిల్ అప్రూవ్ చేస్తారు.’ సార్‌తో పోట్లాడకండి. ఆయన మీదా పైనుంచి ఒత్తిడి ఉంటుంది, అక్రెడిటేషన్ ఫైళ్లు నింపాలి. మీ సమస్యకి దగ్గర్లో ఉన్న ఒక పేపర్ వెతకండి, దాదాపు తప్పకుండా దొరుకుతుంది. టైటిల్ ఆయన కోరిన పద్ధతిలోనే పెట్టండి. మార్చుకోవలసింది లోపలి సరుకు. మొదటి రివ్యూలో సర్వే చాప్టర్ కింద ఆ రైతుతో మాట్లాడిన విషయాలు పెట్టండి. రెండో రివ్యూకి ఆయన కల్లంలో నమూనా పెట్టిన ఫొటోలు, అది ఆగిపోయిన రాత్రి వివరాలు పెట్టండి. చాలామంది గైడ్లు ఆ ఫొటో చూశాక ఇంకో నాలుగు ప్రశ్నలు అడుగుతారు. వాళ్లకీ అదే టైటిల్, అదే పీపీటీ ఏటా చూసి విసుగు పుట్టి ఉంటుంది.

పని ఎనిమిదో సెమిస్టర్‌లో మొదలుపెట్టవద్దు, ఆరో సెమిస్టర్ సెలవుల్లోనే మొదలుపెట్టండి. మొదటి నమూనా పాడవుతుంది, రెండోదానికి టైమ్ ఉండాలి. మిర్చి లాంటి పంటతో పనైతే క్యాలెండర్ మీది కాదు, కోతలు జనవరి నుంచి ఏప్రిల్ దాకానే. అది తప్పిపోతే మళ్లీ ఏడాది ఆగాలి. కాబట్టి డిసెంబరు నాటికి అరకొర నమూనా అయినా చేతిలో ఉండేలా వెనక్కి లెక్కపెట్టుకుని రండి. దసరా సెలవుల్లో ఇంటికెళ్లినప్పుడు ఆ రైతును ఒకసారి కలిసి, ఈ ఏడు ఎన్ని ఎకరాలు వేశారో, కల్లం ఎక్కడ చేస్తారో కనుక్కోండి.